అగ్రిమనీ: పసుపు పూల కంకి, కొక్కేల కాయ, పేరు తెచ్చే చిక్కు

అగ్రిమనీ యూరప్ పొలం గట్ల మీద, కంచెల పక్కన పెరిగే మొక్క. తెలుగువాళ్లకు అది ఎదురయ్యేది హెర్బల్ టీ ప్యాకెట్ మీద, బాక్ ఫ్లవర్ రెమెడీ అనే పూలనీళ్ల మందు సీసా మీద, లేదంటే ఇంగ్లండ్‌లో ఎండాకాలం నడకకు వెళ్లినప్పుడు ప్యాంటుకు పట్టుకున్న ముళ్లకాయల రూపంలో. దాని గుణం గురించి చెప్పాల్సింది నిజానికి కొంచెమే. అది వగరు మొక్క. నీళ్ల విరేచనాలకు, గొంతు నొప్పికి, పైపై పుండ్లకు పనికొస్తుంది. ఎక్కువగా చెప్పాల్సింది దాన్ని గుర్తుపట్టడం గురించే. అగ్రిమనీ పేరునో, దాని పాత పేర్లలో ఒకదాన్నో పంచుకున్న మొక్కలు చాలానే ఉన్నాయి. వాటిలో మూడు విషపూరితమైనవి. ఆ మూడింటిలో రెండు దెబ్బకొట్టేది లివర్‌ని. అగ్రిమనీని జనం కొనుక్కునేదేమో లివర్‌కు మంచిదని విని. అందుకే ఈ మొక్క విషయంలో ముందు ఆకు, పువ్వు, కాయ తెలియాలి. వైద్యం ఆ తర్వాత.

శాస్త్రీయ నామం అగ్రిమోనియా యూపటోరియా. గులాబీ కుటుంబానికి చెందింది. ఆపిల్, స్ట్రాబెర్రీ కూడా ఆ కుటుంబంలోవే. చలికాలంలో పైభాగం ఎండిపోయినా వేరు బతికే ఉండి, వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. మొక్క ఒక అడుగు నుంచి మూడు అడుగుల దాకా ఎదుగుతుంది. కాండం నిటారుగా, పెద్దగా కొమ్మలు లేకుండా, నూగుతో గరుకుగా ఉంటుంది. సున్నం ఎక్కువగా ఉన్న పొడి నేలలు, గడ్డి మైదానాలు, అడవి అంచులు దీనికి ఇష్టం. ఇంగ్లండ్‌లో దాదాపు అంతటా కనిపిస్తుంది, స్కాట్లండ్ ఉత్తరానికి పోయేకొద్దీ అరుదవుతుంది.

మన పల్లెల్లో పెరిగినవాళ్లకు దీన్ని వర్ణించడానికి ఉత్తరేణిని మించిన పోలిక లేదు. సన్నగా నిటారుగా లేచిన కంకి, దానికి తలకిందులుగా వేలాడే కాయలు, దారిన పోయేవాళ్ల బట్టలకు పట్టుకుని వదలని తత్వం, ఇవన్నీ రెండింటికీ ఉన్నాయి. ఉత్తరేణికి పసుపు పూలు పూస్తే దూరం నుంచి అగ్రిమనీలాగే ఉంటుంది. రెండింటికీ చుట్టరికం మాత్రం ఏమీ లేదు. దగ్గరికి వెళ్లి ఆకు చూస్తే ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఆ ఆకే మొదటి గట్టి గుర్తు. వేపాకులాగా ఒకే ఈనెకు అటూ ఇటూ చిన్న ఆకులు జతలుగా ఉంటాయి, అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. కానీ ఆ జతలన్నీ ఒకే సైజులో ఉండవు. మూడు నుంచి ఆరు జతల పెద్ద ఆకులుంటే, ప్రతి రెండు పెద్ద జతల మధ్యా వేలి గోరు కంటే చిన్న ఆకులు ఇరుక్కుని ఉంటాయి. పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది అన్న ఈ వరస ఒకసారి కంటికి పట్టిందంటే మరచిపోవడం కష్టం. అడుగువైపు బూడిద రంగు నూగుతో మెత్తగా ఉంటుంది. పెద్ద ఆకులు కాండం మొదట్లో గుంపుగా ఉండి, పైకి పోయేకొద్దీ చిన్నవవుతూ, కంకి దగ్గర దాదాపు మాయమవుతాయి.

ఆకు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. మెడోస్వీట్ అనే ఇంకో యూరప్ మొక్కకూ ఇదే పెద్ద చిన్న వరస ఉంది, అదీ గులాబీ కుటుంబమే. కానీ దాని పూలు మీగడ తెలుపు, గుత్తులుగా పూస్తాయి, అది తడినేలలో ఉంటుంది. సిల్వర్‌వీడ్ ఆకూ ఇలాంటిదే. అయితే అది నేల మీద పాకుతుంది, పసుపు పూలు కంకిగా కాకుండా విడివిడిగా పూస్తుంది. మరోవైపు పసుపు కంకిని మాత్రమే చూసేవాళ్లు మల్లీన్ మొక్కను చూసి పొరబడవచ్చు. దాని ఆకు చీలిక లేకుండా, కంబళిలా మందంగా ఉంటుంది.

పూలు జూన్ నుంచి ఆగస్టు దాకా. ఒక్కో పువ్వు ఐదారు మిల్లీమీటర్ల వెడల్పు, మహా అయితే ఎనిమిది. ఐదు పసుపు రేకులు, మధ్యలో పది నుంచి ఇరవై దాకా కేసరాలు. కంకి కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది కాబట్టి నడి సీజన్‌లో ఒకే కంకి మీద మూడు దశలూ కనిపిస్తాయి: కింద ముదిరిన ముళ్లకాయలు, మధ్యలో విచ్చుకున్న పూలు, కొసన ఆకుపచ్చ మొగ్గలు. పువ్వుగా ఉన్నప్పుడు పైకి చూసే గిన్నె, కాయ కడుతున్నకొద్దీ నేలవైపు వంగుతుంది. తాజా పూల దగ్గర సన్నగా ఆప్రికాట్ వాసన వస్తుంది.

అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు కాయ. ఒక కాయను తెంపి అరచేతిలో పెట్టుకుని చూస్తే, కింద సన్నగా పైన వెడల్పుగా ఉన్న చిన్న గరాటు కనిపిస్తుంది. పక్కల పొడుగునా దాదాపు అడుగు దాకా లోతైన గాడులు ఉంటాయి. పై అంచు చుట్టూ వరసలు వరసలుగా వెంట్రుకల్లాంటి ముళ్లు, ప్రతి ముల్లు కొసా కొక్కెంలా వంగి ఉంటుంది. పశువుల బొచ్చుకు పట్టుకుని దూరం పోవడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది.

ఈ కాయే అగ్రిమనీని దాని సొంత దాయాది నుంచి కూడా విడదీస్తుంది. సువాసన అగ్రిమనీ అని పిలిచే అగ్రిమోనియా ప్రొసెరా ఇంకా ఎత్తుగా పెరుగుతుంది. దాని ఆకు అడుగున మెరిసే సన్నని గ్రంథులు ఉండటం వల్ల నలిపితే సువాసన వస్తుంది. కాయ గంట ఆకారంలో ఉంటుంది, గాడులు పైభాగంలోనే ఆగిపోతాయి, అన్నిటికన్నా బయటి వరస ముళ్లు వెనక్కి విరుచుకుని ఉంటాయి. మామూలు అగ్రిమనీలో ఆ బయటి ముళ్లు పక్కకో పైకో చూస్తాయి తప్ప వెనక్కి తిరగవు. చేతిలో భూతద్దం ఉంటే చాలు, ఈ తేడా పట్టుకోవడం ఎవరికైనా సాధ్యమే. మందులకు ప్రమాణాలు నిర్ణయించే గ్రంథం యూరోపియన్ ఫార్మకోపియా మందుగా గుర్తించింది మామూలు అగ్రిమనీనే.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు తమ ఊరి పార్కుల్లో చూసేది మళ్లీ వేరే జాతులు. తూర్పు రాష్ట్రాల్లో అగ్రిమోనియా గ్రైపోసెపాలా, తడి ప్రాంతాల్లో చిరు ఆకులు చాలా ఎక్కువగా ఉండే అగ్రిమోనియా పార్విఫ్లోరా ఉంటాయి. చైనా, జపాన్, కొరియాల్లో అగ్రిమోనియా పైలోసా. దాని దగ్గరి రూపమే మన హిమాలయాల్లోనూ ఉంది. ఆంధ్ర, తెలంగాణల్లో అగ్రిమనీ అడవి మొక్కగా పెరగదు. ఇది చల్లని దేశాల మొక్క, విత్తనం మొలకెత్తాలంటే ముందు చలి తగలాలి. కాబట్టి మన వైపు ఎవరైనా తోటలోంచి తెచ్చిన తాజా అగ్రిమనీ అని ఇస్తే అది మరేదో అనుకోవడమే మంచిది.

ఇక పేర్ల చిక్కు. మొదటిది హెంప్ అగ్రిమనీ, శాస్త్రీయ నామం యూపటోరియం కన్నాబినం. ఇది బంతి, చేమంతి కుటుంబానికి చెందింది. కాలువ గట్ల మీద మనిషి ఎత్తు దాకా పెరుగుతుంది, పూలు మసక గులాబీ రంగు గుత్తులు, ఆకు గంజాయి ఆకులా మూడు నుంచి ఐదు చీలికలు. చూడ్డానికి అగ్రిమనీతో ఎక్కడా పోలిక లేదు. గొడవంతా పేరుతోనే. ఒకదాని ఇంటిపేరు యూపటోరియం, ఇంకొకదాని రెండో పేరు యూపటోరియా, ఇంగ్లీషులో రెండూ అగ్రిమనీలే. హెంప్ అగ్రిమనీలో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్స్ ఉన్నాయి. ఇవి లివర్‌లోని సన్నని రక్తనాళాలను మూసేస్తాయి, ఎక్కువ కాలం తీసుకుంటే లివర్ పాడవుతుంది. లివర్ కోసం అగ్రిమనీ టీ తాగాలనుకున్న మనిషి చేతికి ఇది వస్తే జరిగేది అనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం.

రెండోది కాకిల్‌బర్. ఇంగ్లీషు వాడుకలో ముళ్లకాయ ఉన్న వేరే మొక్కల్నీ అలా పిలిచేస్తారు, అగ్రిమనీకి కూడా అది పాత పేరు. ఆ పేరు అసలు స్థిరపడింది జాంథియం స్ట్రుమేరియం మీద, మన పొలాల్లో చెరువు గట్ల మీద కనిపించే మరులమాతంగి మీద. దాని లేత మొలకల్లో, గింజల్లో కార్బాక్సీఅట్రాక్టిలోసైడ్ అనే విషం ఉంది, ఇదీ లివర్‌నే కొడుతుంది. 2007 చివర్లో బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతంలో వరదలు, ధరల పెరుగుదల మధ్య తిండికి ఇబ్బంది పడిన కుటుంబాలు ఈ మొక్క లేత ఆకును కూరగా వండుకున్నాయి. 76 మంది జబ్బుపడ్డారు, 19 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఇంగ్లీషు వెబ్‌సైట్‌లో కాకిల్‌బర్ ఉపయోగాలు చదివి, మన గట్టు మీది కాకిల్‌బర్‌కు దాన్ని అన్వయించుకోవడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క ఉదంతం చాలు చెప్పడానికి.

మూడోది ఆర్జిమోన్. అగ్రిమనీ అన్న మాట గ్రీకులో కంటి జబ్బులకు వాడిన అర్జెమోనె అనే మొక్క పేరు నుంచి వచ్చిందని సాధారణంగా చెబుతారు. అదే పేరును తర్వాత మెక్సికో నుంచి వచ్చిన ఒక ముళ్ల మొక్కకు పెట్టారు. అది ఇప్పుడు మన బీడు భూముల్లో, రోడ్ల పక్కన విరివిగా ఉన్న బలురక్కసి. ముళ్ల ఆకులు, విరిస్తే పసుపు పాలు, పెద్ద పసుపు పువ్వు. దీని గింజల నూనె ఆవనూనెలో కలిసినప్పుడు కాళ్లు వాచి, గుండె దెబ్బతినే ఎపిడెమిక్ డ్రాప్సీ వస్తుంది. 1998లో ఢిల్లీలో అలా 60 మందికి పైగా చనిపోయారు. పసుపు పువ్వు, దగ్గరి పేరు అన్న రెండు ఆధారాలతో ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లకు ఈ పొరపాటు జరగడం అసాధ్యమేమీ కాదు.

అగ్రిమనీ వైద్య చరిత్ర దీనికి భిన్నంగా ప్రశాంతమైనది. యూపటోరియా అన్న పేరు నల్లసముద్రం దక్షిణ తీరాన పాంటస్ రాజ్యాన్ని ఏలిన ఆరో మిత్రిడేటిస్ యూపేటర్ నుంచి వచ్చింది. రోమ్‌తో యుద్ధాలు చేసి క్రీస్తుపూర్వం 63లో చనిపోయిన ఈ రాజు, విషాలకు విరుగుడుల మీద ఆసక్తితో పేరుపడ్డాడు. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ దీని ఆకును పంది కొవ్వుతో నూరి మానని పుండ్లకు పట్టు వేయమన్నాడు, ద్రాక్ష సారాయిలో కలిపి జిగట విరేచనాలకు ఇమ్మన్నాడు. మధ్యయుగాల్లో పుండ్లకు, దెబ్బలకు వాడుక కొనసాగింది. తుపాకులు వచ్చాక ఫ్రాన్స్‌లో గుండు గాయాలు కడగడానికి తయారుచేసిన ఆర్కెబ్యుసాడ్ నీళ్లలో వేసే మూలికల్లో ఇదీ ఒకటి. తల కింద పెట్టుకుంటే తీసేదాకా మెలకువ రాదని ఇంగ్లండ్‌లో ఒక నమ్మకం ఉండేది. దానికి మొక్కలో ఏ ఆధారమూ లేదు. మిగతా వాడుకలకు మాత్రం ఉంది.

ఆ ఆధారం టానిన్లు. జామాకు నమిలినా, దానిమ్మ తొక్క కొరికినా నాలుక మీద పట్టేసినట్టుండే ఆ వగరు టానిన్లదే. టానిన్ ప్రొటీన్‌ను పట్టుకుని గట్టిపరుస్తుంది. పేగు లోపలి పొర మీద అలా చేస్తే ఆ పొర బిగుసుకుని నీరు ఊరడం తగ్గుతుంది, విరేచనాలు నెమ్మదిస్తాయి. వాచిన గొంతు మీద చేస్తే మంట తగ్గుతుంది. పచ్చి పుండు మీద చేస్తే పైన సన్నని పొర కట్టి రసి కారడం, కొద్దిపాటి నెత్తురు ఆగుతాయి. పచ్చి తోలును తోలుగా మార్చేదీ ఇదే చర్య, అగ్రిమనీని ఒకప్పుడు తోళ్ల పనిలోనూ వాడారు. విరేచనాలు, గొంతు, పుండు, తోలు, ఈ వాడుకలన్నీ ఒకే రసాయన గుణానికి నాలుగు ముఖాలు. ఒక మూలికకు చెప్పే ఉపయోగాలన్నీ ఇలా ఒకే కారణం కిందికి వస్తే దాన్ని కొంచెం నమ్మవచ్చు. ఏ సంబంధమూ లేని పాతిక జబ్బులకు ఒకే మొక్క అంటే అనుమానించాలి.

యూరోపియన్ ఫార్మకోపియా ప్రకారం పూతకొచ్చిన కొసల్ని ఎండబెట్టిన సరుకులో కనీసం 2 శాతం టానిన్లు ఉండాలి. మూలికల్ని పరిశీలించిన జర్మనీ కమిషన్ ఇ మూడు వాడుకల్నే ఒప్పుకుంది: తేలికపాటి నీళ్ల విరేచనాలు, నోరు గొంతుల్లో వాపు, చర్మం మీద పైపై మంట. లోపలికి రోజుకు 3 గ్రాములు, పైకి కడగడానికి వందకు పది పాళ్ల కషాయం. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ కూడా దాదాపు ఇవే వాడుకల్ని సంప్రదాయ వాడుకగా గుర్తించింది. అంటే క్లినికల్ ట్రయల్స్‌తో నిరూపణ అయిందని కాదు, చాలాకాలంగా హాని లేకుండా వాడుతున్నారని మాత్రమే. లివర్, షుగర్ ఈ అధికారిక జాబితాల్లో లేవు. ఈ సంగతి టీ ప్యాకెట్లు అమ్మేవాళ్లు చెప్పరు.

ఫ్రాన్స్‌లో పాటగాళ్లు, ఉపన్యాసాలిచ్చేవాళ్లు గొంతు బొంగురుపోతే దీని కషాయాన్ని పుక్కిలించే అలవాటు ఉంది. అగ్రిమనీ వాడుకల్లో అన్నిటికన్నా తెలివైనది అదే. పుక్కిలించి ఉమ్మేస్తారు కాబట్టి లోపలికి పోయేది అతి తక్కువ, పని జరగాల్సిన చోట పని జరుగుతుంది.

చైనాలో దారి వేరు. అక్కడ అగ్రిమోనియా పైలోసాను షియన్ హె త్సావ్ అంటారు, దాన్ని ముఖ్యంగా నెత్తురు ఆపడానికి వాడతారు. దగ్గులో రక్తం, మూత్రంలో రక్తం, నెలసరి అధిక రక్తస్రావం వంటివాటికి వైద్యులు రాసే కషాయాల్లో ఇది ఉంటుంది. చలికాలంలో వేరు మీద వచ్చే మొగ్గను బద్దె పురుగుకు వాడతారు, అందులో పనిచేసే పదార్థాన్ని వేరుచేసి అగ్రిమోఫాల్ అని పేరు పెట్టారు. ఇవన్నీ పైలోసా గురించిన మాటలు. యూరప్ అగ్రిమనీ ప్యాకెట్ మీద ఇవే మాటలు రాసి ఉంటే ఒక జాతి గుణాన్ని ఇంకో జాతికి అంటగట్టినట్టే.

హైదరాబాద్‌కు ఈ మొక్కతో ఉన్న సంబంధం యునానీ ద్వారా. యునానీలో గాఫిస్ అనే మందు ఉంది. లివర్‌లో అడ్డంకులు, పాతబడిన జ్వరాలకు వెయ్యేళ్ల కిందటి పర్షియా వైద్యుడు ఇబ్న్ సీనా కాలం నుంచీ దాన్ని వాడుతున్నారు. ఆ పాత గాఫిస్ అగ్రిమనీయే అని చాలామంది పండితుల అభిప్రాయం. కానీ మన దేశపు మార్కెట్‌లో గుల్-ఎ-గాఫిస్ పేరుతో వచ్చేది జెన్షియానా ఒలివియెరి, అంటే జెన్షియన్ జాతి పువ్వు. ఇది నీలం పూల మొక్క, కుటుంబం వేరు, రసం వేరు. అగ్రిమనీది వగరు, జెన్షియన్‌ది గట్టి చేదు. జెన్షియన్ వాడటం తప్పని చెప్పడానికి లేదు, తరాలుగా హకీములు దాన్నే వాడి అనుభవం గడించారు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, అగ్రిమనీ మీద ఎక్కడో జరిగిన లివర్ పరిశోధనను తెచ్చి గుల్-ఎ-గాఫిస్‌కు రుజువుగా చూపినప్పుడు. ఆ పరిశోధనలో వాడిన మొక్క ఈ పొట్లంలో లేదు.

ఆ పరిశోధనలు కూడా ఇంకా తొలి మెట్టు మీదే ఉన్నాయి. 1990ల్లో బ్రిటన్ శాస్త్రవేత్తలు షుగర్ ఉన్న ఎలుకలకు అగ్రిమనీ ఇచ్చి గ్లూకోజ్ కొంత తగ్గడం చూశారు. ల్యాబ్‌లో కణాల మీద ఇన్సులిన్ విడుదల పెరగడమూ చూశారు. మనుషుల మీద జరిగినవి కొద్దిపాటి చిన్న అధ్యయనాలే. ఎలుకలో పనిచేసిన కషాయాన్ని నమ్ముకుని షుగర్ మాత్ర మానేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

బాక్ ఫ్లవర్ రెమెడీల్లోని అగ్రిమనీ సంగతి పూర్తిగా వేరు. ఇంగ్లండ్ డాక్టర్ ఎడ్వర్డ్ బాక్ తయారుచేసిన 38 రెమెడీల్లో ఇది ఒకటి. లోపల టెన్షన్ పడుతూ పైకి నవ్వుతూ ఉండేవాళ్లకు ఇమ్మన్నాడు. పూలను నీళ్లలో వేసి ఎండలో ఉంచి, ఆ నీటిని బ్రాందీతో కలిపి, మళ్లీ పలచన చేస్తారు. సీసాలో టానిన్లు లెక్కలోకి వచ్చేంత ఉండవు. జరిగిన ట్రయల్స్‌ను సమీక్షించినప్పుడు ఈ రెమెడీలు ఉత్తుత్తి మందుకన్నా ఎక్కువ పనిచేసినట్టు తేలలేదు. పైకి నవ్వుతూ లోపల నలిగిపోయే మనిషికి కావలసింది మాట్లాడే మనిషి, అవసరమైతే డాక్టర్.

నిజమైన అగ్రిమనీని వాడాలనుకునేవాళ్లకు జాగ్రత్తలు కొన్నే. టానిన్లు ఐరన్‌ను, కొన్ని మందుల్ని ఒంటికి పట్టనివ్వవు కాబట్టి మాత్రలకూ ఈ టీకీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనంతో తాగకూడదు. మలబద్ధకం ఉంటే అసలు వద్దు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, చిన్నపిల్లలకు సురక్షితమని చెప్పేంత సమాచారం లేదు కాబట్టి ఇవ్వకపోవడమే సరైనది. షుగర్ మందులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగాలి. విరేచనాల్లో నెత్తురు పడినా, జ్వరం ఉన్నా, మూడు రోజులు దాటినా ఏ కషాయమూ పనికిరాదు, ఆస్పత్రికి వెళ్లాలి. ఈలోగా ఓఆర్ఎస్ మానకూడదు. ఒంట్లో నీరు తగ్గకుండా కాపాడేది అదే.

కొనేటప్పుడు లేబుల్ మీద అగ్రిమోనియా యూపటోరియా అన్న రెండు మాటలూ ఉన్నాయో లేదో చూడాలి. ఉత్త అగ్రిమనీ అని మాత్రమే ఉంటే తీసుకోవద్దు, యూపటోరియం అని ఉంటే అసలే వద్దు. ప్యాకెట్ విప్పాక కొంచెం సరుకు తెల్ల కాగితం మీద పోసి వెతికితే, ముడతలుపడి అడుగున బూడిద నూగుతో ఉన్న ఆకు ముక్కలు, వాడిన పసుపు రేకులు, అక్కడక్కడా కొక్కేల ముళ్లున్న చిన్న గరాటు కాయలు దొరకాలి. ఒక్క కాయ కూడా కనిపించకుండా, గులాబీ రంగు పూల పీచు గానీ నీలం రేకులు గానీ ఉంటే ఆ ప్యాకెట్‌ను వెనక్కి ఇచ్చేయాలి. పొడి చేసి అమ్మే సరుకులో ఈ పరీక్ష ఏదీ సాధ్యం కాదు కనుక పొడి కొనకపోవడమే మంచిది.